నైరుతి కప్ప

నా పదవీ విరమణ సభలో మాట్లాడినవాళ్ళంతా నేను పెట్టించిన ముగ్గుల పోటీల గురించీ, జెండా పండగలకు బడి గోడల మీద వేసిన బొమ్మల గురించీ చెప్పారు. ఒక్కరూ చైనా పోస్టరు మాట ఎత్తలేదు. మరచిపోయి కాదు. ముందు వరసలో కూర్చున్న మా పాత హెడ్‌మాస్టరు నా వైపు ఒకసారి చూసి, చేతిలోని మిక్చరు పొట్లంలోకి తల దించుకున్నాడు. ఆ చూపు చాలు నాకు, ఆయనకు బాగా గుర్తుందని చెప్పడానికి. శాలువా కప్పారు, ఫొటో తీశారు, పంపించేశారు. కొత్తగా బడుల్లో చేరుతున్న మీకు ఈ సంగతి ఇంకెవరూ చెప్పరు. అందుకే నేను రాస్తున్నాను. అయిపోయినదాన్ని తవ్వుకోవడం ఎందుకని కొందరు సలహా ఇచ్చారు. తవ్వకాల గురించి బళ్ళారి జిల్లావాళ్ళు నాకు సలహా ఇవ్వడం కొంచెం వింతగా ఉంది.

ఆంధ్రా సరిహద్దు పల్లె ఒకదానిలో తెలుగు మీడియం హైస్కూలు. నేను అక్కడ డ్రాయింగ్ మాస్టరును. బళ్ళారి నుంచి పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాణ్ణి. ఊరికి నైరుతి మూల కొండ ఉండేది. నేను చేరినప్పుడు అది పడుకున్న ఎద్దు వీపులా నున్నగా ఉండేది. ఇనుప గనుల హడావుడి మొదలయ్యాక పుచ్చిన దవడ పన్నులా తయారైంది. టిప్పర్ల దుమ్ము ఊరినంతా కప్పేది. తెల్ల డ్రాయింగ్ షీటు బల్ల మీద పెట్టి చేతులు కడుక్కొచ్చేలోగా దాని మీద ఎర్రటి పొర కూర్చునేది. ముందు ఊదుకుని తర్వాత గీత గీయడం నా పిల్లలకు అలవాటైపోయింది.

ఆ రోజుల్లో మా ఊరి టీ అంగడిలో చైనా పేరు వినపడని పూట లేదు. చైనా కొంటాంది, చైనా రేటు పెంచింది, చైనాలో ఏవో పెద్ద ఆటలకు మైదానాలు కడతాండారంట. ఆ దేశం ఏ దిక్కున ఉందో తెలియనివాడు కూడా దాని ఆరోగ్యం కనుక్కునేవాడు. అలాంటి సమయంలో బళ్ళారిలో విద్యార్థుల ప్రదర్శన పెట్టారు. పాత కాలపు నాగరికతల వస్తువుల మీద చేత్తో చేసిన పోస్టర్లు. చీటీలు తీస్తే మా బడికి చైనా వచ్చింది.

"మన మన్నంతా పోయేది ఆడికే గదా సార్. చుట్టాల ఇల్లే అనుకో," అన్నాడు వెనక బెంచీలో ఒకడు. తరగతంతా నవ్వింది.

లైబ్రరీలోని ఒక పాత పుస్తకంలో బొటనవేలంత బొమ్మ దొరికింది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట చైనా రాజసభలోని ఒక పండితుడు చేసిన కంచు పాత్ర. పెద్ద కూజాలాంటిది. దాని చుట్టూ ఎనిమిది దిక్కులకూ ఎనిమిది డ్రాగన్ తలలు, ఒక్కొక్కదాని నోట్లో ఒక గుండు. ఒక్కో తల కింద నోరు తెరుచుకున్న కప్ప. ఎక్కడో దూరాన భూమి అదిరితే పాత్ర లోపల వేలాడే కడ్డీ కదిలి, ఆ దిక్కు డ్రాగన్ నోట్లోంచి గుండు కింది కప్ప నోట్లో పడుతుంది. అసలు పాత్ర ఇప్పుడు లేదు. పాత రాతలు చదివి తర్వాతివాళ్ళు చేసుకున్న నమూనాలే ఉన్నాయి. ఒకసారి గుండు పడిందట, రాజధానిలో ఎవరికీ భూమి అదిరినట్టు తెలియలేదట, అందరూ పండితుణ్ణి వెక్కిరించారట. కొన్నాళ్ళకు దూరపు సీమ నుంచి కబురు వచ్చింది, అక్కడ భూకంపం వచ్చి ఊళ్ళు కూలాయని.

ఇదంతా నేను చెబుతుంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ముందుకు వంగి వింటోంది. చేతిరాత, గీత రెండూ చక్కగా ఉన్న పిల్ల.

"అంతవరకూ ఎవురూ నమ్మలేదా సార్?"

"నమ్మలేదమ్మా."

"మా ఇంటికి అట్లాంటిది ఒకటి కావల్ల సార్."

ఆ పిల్లది కొండవైపు ఊరి చివరి ఇల్లు. తండ్రి టిప్పరు తోలేవాడు. ఇంట్లో అవ్వ. మధ్యాహ్నం గనిలో సైరను కూసి పేలుడు జరిగితే మా తరగతిలో బోర్డు అంచు నుంచి సుద్దముక్కలు రాలేవి. వాళ్ళింట్లో గిన్నెలు రాలేవి. నైరుతి వైపు మట్టిగోడ పగిలి, పగులులో ఆ పిల్ల అరచెయ్యి పట్టేంత సందు వచ్చింది. తేళ్ళు రాకుండా అవ్వ అందులో పాత చీర పేలికలు కుక్కింది. ఆ గోడ పక్కనే ముసలామె మంచం. మంచం జరపడానికి ఇంకో చోటు ఆ ఇంట్లో లేదు. గోడ కట్టించి ఇవ్వమని అర్జీ పెడితే విలేజ్ అకౌంటెంటు వచ్చి వీధిలోనే నిలబడి, వానకు నానిన పాతగోడ అని రాసుకుని పోయాడట. మా ఊళ్ళో వాన ఎప్పుడు పడిందో ఆయనకే తెలియాలి.

ప్రదర్శన ప్రారంభించేది తహశీల్దారని తెలిసిన రోజు ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, తాసిల్దారు అన్ని బొమ్మల కాడా నిలబడతాడా?"

"అన్నిటి దగ్గరా ఎందుకు నిలబడతాడు? బాగున్నదాని దగ్గర నిలబడతాడు."

"నిలబడితే మా గోడ సంగతి చెప్పొచ్చునా?"

"అడిగితే చెప్పు. అడిగేటట్టు బొమ్మ చేద్దాం."

అట్లా ఆ పోస్టరు మొదలైంది. పాత పంచె మీద డ్రాయింగ్ షీట్లు చింతగింజల పిండి గంజితో అతికించాం. కంచు రంగు మా దగ్గర లేదు. ఒక మగపిల్లవాడు టిప్పర్ల నుంచి జారిన రాళ్ళు ఏరుకొచ్చాడు. నల్లగా, నీలంగా మెరిసే మేలు రకం ఖనిజం. రోట్లో దంచి, బట్టతో జల్లించి, తుమ్మబంకలో కలిపి పూశాం. ఆరాక పాత్ర నిజంగా లోహంలా మెరిసింది. నా ఉద్యోగంలో అంత మంచి నలుపు మళ్ళీ చూడలేదు. డ్రాగన్ తలలు పిల్లలకు బాగా కుదిరాయి. "ఇవి హంపిలో రాతిస్తంభాల మింద ఉండే యాళులే సార్, ఏం మారలేదు," అన్నారు.

పక్కనుంచి చూసినట్టు గీస్తే ఎనిమిది దిక్కులూ కనపడవు. అందుకని పాత్రను నడుమ పెట్టి, దాని చుట్టూ ముగ్గులో రేకుల్లా ఎనిమిది తలలు, వాటి బయట ఎనిమిది కప్పలు వేయించాను. పటంలో ఉన్నట్టే ఉత్తరం పైకి. అంటే నైరుతి కింద ఎడమ మూల. ఒక్క గుండు కదలాలని ఆ పిల్ల ఆలోచన. అట్ట ముక్కను గుండ్రంగా కత్తిరించి, పసుపు పూసి, దారం కట్టి, నైరుతి డ్రాగన్ నోట్లో పెట్టింది. దారం వదిలితే గుండు జారి కప్ప నోట్లోని చీలికలో పడుతుంది. తహశీల్దారు ఈ దిక్కే ఎందుకు పడిందని అడుగుతాడు. మా ఊరు అదిరేది ఆ దిక్కు నుంచి గనక, అని ఆ పిల్ల చెబుతుంది. బడి అయిపోయాక ఖాళీ తరగతిలో నిలబడి ఆ జవాబు తెలుగులోనూ కన్నడలోనూ చెప్పి చూసుకునేది. కన్నడలో ఎక్కడ తడబడుతుందో నేను తలుపు దగ్గర నిలబడి సరిచేసేవాణ్ణి.

మా బడికి కొత్త గది కట్టిస్తున్న పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆ ఊరివాడే, మా బడిలోనే చదివాడు. తాతల నాటి భూమి, ఇప్పుడు టిప్పర్లు, కొండ మీద గని. మనిషి చెడ్డవాడని నేను అనను. పిల్లల్ని బళ్ళారి తీసుకుపోవడానికి వ్యానిస్తానన్నది కూడా ఆయనే. ప్రదర్శన ముందు రోజు కొత్త గది చూడటానికి వచ్చాడు. వెంట ఆయన వాస్తు సిద్ధాంతి. ఆ రోజుల్లో ఆ సిద్ధాంతి చెప్పనిదే ఆయన బోరు వేసేవాడు కాదు, టిప్పరు కొనేవాడు కాదు. నవ్వుకోకండి. మేము మిషను సంఘంవాళ్ళం, మా ఇంటి వాకిలి ఏ దిక్కో నేను ఎన్నడూ పట్టించుకోలేదు. కానీ ఆయన కొత్త క్రషరుకు కొబ్బరికాయ కొట్టిన రోజే మా పాస్టరుగారు కూడా పోయి దాని మీద చేతులు పెట్టి ప్రార్థన చేసి వచ్చారు.

పోస్టరు చూసి ఆ పెద్దమనిషి నిజంగా మురిసిపోయాడు.

"బో బాగుండాది మేష్ట్రే. ఇది మా గని మాలేనా? మెరుస్తాంది చూడు."

"మీ కొండదేనప్పా," అన్నాను.

"ఈ దారమేంది?"

పిల్ల దారం వదిలింది. గుండు జారి నైరుతి కప్ప నోట్లో పడింది. ఆయన చప్పట్లు కొట్టబోయి సిద్ధాంతి వైపు చూశాడు. సిద్ధాంతి చప్పట్లు కొట్టే ముఖంతో లేడు.

"ఇది నైరుతి గదా?"

"అవును."

"నైరుతిలో బరువుండాల. గుంట ఉండకూడదు. ఈడ కప్ప నోరు తెరుచుకోనుండాది. నోరంటే గుంటే గదప్పా. ఉండే బరువు గుంటలోకి పోతాండాది. యజమానికి కీడు."

పెద్దమనిషి ముఖం వాడిపోయింది. "బడికా, నాకా?"

"గది ఎవరు కట్టిస్తాండారు? వ్యాను ఎవరిది? మాలు ఎవరిది?"

"మార్చండి మేష్ట్రే," అన్నాడాయన. "ఈశాన్యానికి పెట్టండి. ఆడ గుంటుంటే మంచిదే."

నేను ఊరుకోలేదు. ఊరుకునే గుణం నాకు లేదు. "అప్పా, ఈ ఊరికి నైరుతిలో అంత గుంట తవ్వింది మా కప్పలు కాదు," అన్నాను.

హెడ్‌మాస్టరు దగ్గాడు. మా హెడ్‌మాస్టరుకు కష్టం వస్తే దగ్గు వచ్చేది. ఆ పెద్దమనిషికి మాత్రం కోపం రాలేదు. నన్ను ఇన్నేళ్ళుగా బాధించేది అదే. కోపం వస్తే అర్థమైందని అనుకునేవాణ్ణి. ఆయన ఎంతో ఓపికగా నాకు వివరించాడు.

"అది లీజు, మేష్ట్రే. దానికి శాంతి చేయించినాము. హోమం చేసినాము. దీనికి యాడ చేయించినారు? బొమ్మలో చెడ్డది ఎందుకు చూపించల్ల, ఊరికే?"

వాళ్ళు పోయాక హెడ్‌మాస్టరు నా బల్ల సొరుగు తెరిచి, నా కత్తెరే తీసుకుని, దారం కత్తిరించాడు.

"కొత్త గది సగంలో ఉండాది. నీ పట్టుదలకు స్లాబు పడదప్పా," అన్నాడు.

"సార్, ఈశాన్యం పై మూలలో ఉంది. అక్కడ కప్ప డ్రాగన్ కన్నా పైనుంది. గుండు పైకి ఎట్లా పడుతుంది?"

"దారం పైనుంచి లాగితే పోతాది."

"పడటం అంటే పైకి పోవడమా?"

"అది చైనా వస్తువు. ఎట్లైనా పడతాది. ఎవరు అడుగుతారు?"

పిల్లలంతా నిలబడి చూస్తున్నారు. ఆయనే గుండును ఈశాన్యపు డ్రాగన్ నోట్లో పెట్టి, దాని పై కప్ప నోట్లో చీలిక కోసి, కొత్త దారం పైకి దూర్చాడు. నైరుతి కప్ప నోట్లోని చీలిక మీద ఆయన కాగితం ముక్క అతికించాడు. గంజి ఎక్కువై ముక్క చుట్టూ నలుపు చెదిరింది. ఆ పిల్ల తడి ఆరేదాకా ఆ మచ్చ దగ్గరే కూర్చుని, తన పైట చెంగుతో అంచులు అద్దింది.

మరునాడు ఆ వ్యాను తోలింది ఆ పిల్ల తండ్రే. అతను తోలేది ఆ పెద్దమనిషి టిప్పరే గనక, ఆ రోజుకు దాన్ని దింపి వ్యాను ఎక్కించారు. పక్క సీటులో హెడ్‌మాస్టరు. వెనక పిల్లలు, పోస్టరు, నేను. దారంతా ఎదురు టిప్పర్లే. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి. జవాబు మార్చుకుంటోందని నాకు తెలుసు. గుండు ఏ దిక్కు పడినా గోడ సంగతి ఎట్లా ఎత్తాలా అని చూసుకుంటోంది.

హాలులో పాత మట్టికుండల చిత్రాలు, పిరమిడ్ల చిత్రాలు చాలానే ఉన్నాయి. తహశీల్దారు వాటి ముందు నడుస్తూ పోయాడు. మా పోస్టరు దగ్గర ఆగాడు. ఆయన్ను ఆపింది ఆ నలుపే. వేలితో తాకి, వేలి మొన చూసుకుని, కన్నడలో అడిగాడు, ఇది ఏం రంగని.

"మా కొండ సార్," అంది పిల్ల, కన్నడలోనే.

"తుంబా చెన్నాగిదె," అన్నాడు. చాలా బాగుందని. ఆయన పక్కనే మా పెద్దమనిషి నిలబడి, బొమ్మ తానే వేసినట్టు తల ఊపుతున్నాడు. తహశీల్దారు దారం లాగాడు. పసుపు గుండు డ్రాగన్ నోట్లోంచి బయటికొచ్చి, నింపాదిగా పైకి పాకి, ఈశాన్యపు కప్ప నోట్లోకి దూరింది.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. "ఇదేంటి, గుండు ఆకాశానికి పడుతోంది?" వెంట ఉన్న గుమాస్తాలూ నవ్వారు. పక్క బడివాళ్ళు నవ్వారు. ఇంకోసారి లాగి చూశాడు. మళ్ళీ నవ్వు. "చైనావాళ్ళ భూకంపం ఇట్లా వస్తుందా?" అని పిల్లను అడిగాడు.

పిల్ల నోరు తెరవలేదు. నేను ఎదురు చూశాను. ఎంతసేపో చెప్పలేను, కానీ చూశాను. తర్వాత నేనే ముందుకు వచ్చాను.

"సార్, ఈ గుండు నిన్నటిదాకా నైరుతిలో ఉండేది. అక్కడ గని ఉంది. అక్కడి పేలుళ్ళకు ఈ పిల్ల ఇంటి గోడ పగిలింది. అర్జీ పెడితే వాన అని రాశారు. గుండును రాత్రికి రాత్రి మార్పించారు."

కన్నడలోనే, తడబడకుండా చెప్పాను. హాలంతా నిశ్శబ్దమైపోయిందని రాయాలని ఉంది. కాలేదు. మైకులో ఎవరో మంచినీళ్ళు ఎక్కడున్నాయో చెబుతున్నారు. తహశీల్దారు నన్ను కాదు, హెడ్‌మాస్టరును చూశాడు.

"మా డ్రాయింగ్ మాస్టరు సార్. కొంచెం మొండి. బొమ్మ మార్చినామని బాధ," అన్నాడు హెడ్‌మాస్టరు.

"కళాకారులు," అన్నాడు తహశీల్దారు, పెద్దమనిషితో. ఇద్దరూ నవ్వుకుంటూ పిరమిడ్ల వైపు పోయారు. కళాకారుడనే మాట అప్పటికి నన్నెవరూ అనలేదు. ఆ మాట ఆ రోజున, ఆ గొంతుతో విన్నాను.

వ్యాను దగ్గర ఆ పిల్ల నన్ను పక్కకు పిలిచింది.

"మీరు ఎందుకు మాట్లాడినారు సార్? నేను చెబుతాంటి గదా."

"నువ్వు నోరు తెరవలేదమ్మా."

"నవ్వు ఆగినాక చెబుదామని నిలబడుకోనుంటి. పిల్ల చెబితే ఇంటాడు సార్. మీరు చెబితే తగువనుకోడా?"

ఇది నేను ఒప్పుకోను. అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నేను ఆ పిల్ల ముఖాన్నే చూస్తూ ఉన్నాను. చెప్పబోయే ముఖం ఎట్లా ఉంటుందో ఇరవై తరగతుల పిల్లల్ని చూసినవాణ్ణి నాకు తెలియదా? కానీ నన్ను నొప్పించిన మాటల్లో ఇది ముందు వరసలో ఉంటుంది, హెడ్‌మాస్టరు మాట కన్నా ముందు.

ఆ పిల్ల తండ్రి మీద ఏదైనా వేటు పడుతుందని భయపడ్డాను. పడలేదు. ఆ పెద్దమనిషి నా మాటలను మాటలుగానే తీసుకోలేదు. మరునాడు ఆ తండ్రి మామూలుగా టిప్పరెక్కాడు. వేటు నా మీదే పడింది. ఆ వేసవి బదిలీల్లో నన్ను కెంచనగుడ్డ వైపు, తుంగభద్ర ఒడ్డు బడికి పంపారు. మామూలు బదిలీయే అన్నారు. నేను నమ్మలేదు. ఎందుకు పంపారో చెప్పమని అడుగుతూ నేను పెట్టిన అర్జీలకు ఇంతవరకూ జవాబు లేదు.

గోడ సంగతి తర్వాత తెలిసింది. ఆ పిల్ల అవ్వ నా కన్నా, తహశీల్దారు కన్నా తెలివైనది. పోస్టరు దగ్గర జరిగిందంతా మనవరాలు చెబితే విని, నేరుగా సిద్ధాంతి దగ్గరికి పోయిందట.

"సామీ, మా ఇంటి నైరుతి గోడ పగిలుండాది. ఆ ఇంట్లో తిని పండుకునే నా కొడుకు మీ అప్ప బండి తోలతాండాడు. బండికేమన్నా అయితే మమ్మల్ని అనొద్దండి," అందట.

పేలుడు మాట ఎత్తనే లేదు. అమావాస్య లోపల పని మొదలైంది. గని నుంచి రాళ్ళు వచ్చాయి, సిమెంటు వచ్చింది, మేస్త్రీలు వచ్చారు. నైరుతి గోడ కోటగోడంత లావున లేచింది. ఒక్క నైరుతి గోడే. మిగతా మూడు దిక్కుల్లో దోషం లేదన్నాడు సిద్ధాంతి.

ఆ కబురు విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఎందుకు కలగాలి? అది వానకు కూలబోయిన గోడ కాదు, పేలుడుకు పగిలిన గోడ అని ఎవరైనా ఒక్క మాట అన్నారా?

పేలుళ్ళు ఆగలేదు. మట్టిగోడలు మూడూ అదిరేవి, రాతిగోడ అదిరేది కాదు. రెండూ కలిసిన చోట మట్టి కొంచెం కొంచెం విడిపోతూ వచ్చింది. ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది ఒక మధ్యాహ్నం పైకప్పుతో సహా మూడు గోడలూ కూర్చున్నాయి. అవ్వ అప్పుడు రేషను అంగడి దగ్గర ఉంది. అందుకని బతికింది. కుటుంబం బళ్ళారికి చేరింది. ఆ పిల్ల ఇప్పుడు జీన్సు బట్టలు ఉతికే యూనిట్లో పని చేస్తోంది. ఒకసారి మార్కెట్లో ఎదురుపడింది, చేతులు మోచేతి దాకా నీలంగా ఉన్నాయి.

"బొమ్మలు వేస్తున్నావా అమ్మా?" అన్నాను.

"లేదు సార్. అవ్వకు మందులు తీసుకోవల్ల," అని ఆటో ఎక్కింది.

పోయిన ఏడు పని మీద ఆ ఊరికి పోయాను. గనులు అప్పటికి మూతపడి మళ్ళీ తెరుచుకున్నాయి. బడిలో కొత్త గది ఉంది, స్లాబు బాగానే పడింది. ఊరి చివర ఇల్లు లేదు. నైరుతి గోడ ఉంది. దాని మీద చిన్న పగులు కూడా లేదు. నేను పోయిన వేళకు దాని నీడలో టిప్పరు డ్రైవర్లు సద్ది విప్పుకుని తింటున్నారు. కొండ వైపు సైరను కూసింది. ఒకడు తినేది ఆపకుండానే ఎడమ చేత్తో నీళ్ళ సీసా పట్టుకున్నాడు, పడిపోకుండా.